మాట – మూట

దూరాన్ని జయించడమే విజ్ఞానశాస్త్రం మానవజాతికి చేసిన మహోపకారమని పెద్దలు చెబుతూ ఉంటారు. ఆ మాట నిజమే. అయితే దూరం దాటి వచ్చిన పలుకు ఏ విధంగా వినిపించినదో చూచిన తరువాత గదా ఆ జయం విలువ తేలేది! పలుకు సగం చేరి సగం చేరకపోయినచో దూరం తగ్గినదని ఎట్లా అనగలము? ఈ సంగతి మాకు ఏ ఉద్గ్రంథం వల్లనో తెలియలేదు. మన కళాశాల కంప్యూటరు గదిలో జరిగిన ఒక చిన్న సంఘటన వల్ల తెలిసివచ్చినది.

కొంతకాలం క్రిందట హైదరాబాదు నుండి ఒక ఆచార్యులు వీడియో ద్వారా మన విద్యార్థులను ఉద్దేశించి ప్రసంగించారు. ప్రసంగం చక్కగానే సాగినది. చివర ప్రశ్నల ఘట్టంలో ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె లేచి ఒక ప్రశ్న వేసినది. మంచి ప్రశ్న. గదిలో ఉన్న మాకు స్పష్టంగానే వినిపించినది. ఆచార్యులకు మాత్రం అది ముక్కలు ముక్కలుగా చేరినది. వారు రెండుసార్లు మళ్ళీ అడిగించుకొని, మూడవసారి అడగడానికి మొగమాటపడి, ఆమె అడగని ప్రశ్నకు వివరమైన సమాధానం చెప్పారు. ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అని కూర్చున్నది. మరునాడు మేము ఆ ప్రస్తావన తెచ్చినప్పుడు, "పరవాలేదు సార్, అంత ముఖ్యమైన ప్రశ్నేమీ కాదు" అన్నది. ఆ మాట మాకు నేటికీ గుచ్చుకుంటూనే ఉన్నది.

ఆ సమయంలో ఆ గదిలో ఏమి జరుగుతున్నదో తరువాత విచారించాము. అదే వైఫై పెట్టె మీద ఆధారపడిన మిగిలిన కంప్యూటర్లు పాఠాల వీడియోలను, పెద్ద పెద్ద ఫైళ్ళను దింపుకుంటున్నవి. గోడకున్న ఆ పెట్టె మీద 300 మెగాబిట్లు అని స్పష్టంగా ముద్రించి ఉన్నది. ఒక మనిషి కంఠస్వరానికి అందులో వెయ్యవ వంతు కూడా అవసరం లేదు. అయినా ఆ స్వరానికే చోటు దొరకలేదు.

తెలుగు పాఠం చెప్పుకునే మాకు ఈ తరంగాల విచారణ ఎందుకని మిత్రులు నవ్వవచ్చును. మాట ఎక్కడ తెగిపోయినా భాషాధ్యాపకునికి అక్కడ కొంత పని ఉన్నదని మా నమ్మకం. కంప్యూటరు శాఖలోని మా సహాధ్యాపకుల వద్ద శిష్యరికం చేసి, చదివి, కాగితం మీద లెక్కలు వేసి తెలుసుకున్న విషయాలను, వాటి మీద మా అభిప్రాయాన్ని విజ్ఞులైన పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఇరుకు ఎక్కడ ఉన్నది?

కంప్యూటరు గాని, చేతి ఫోను గాని తన సమాచారాన్ని ఏకధారగా పంపదు. చిన్న చిన్న భాగాలుగా విభజించి, ప్రతి భాగానికీ పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా, తప్పొప్పులు సరిచూసుకొనే సంఖ్య జతచేసి పంపుతుంది. ఇట్లా సిద్ధమైన భాగాన్ని ఫ్రేము అంటారు. నిస్తంత్రీ జాలంలో, అనగా వైఫైలో, ఈ ఫ్రేములన్నీ ప్రయాణం చేయవలసినది ఒకే గాలిలో. ఒకరు పలుకుతున్నప్పుడు మరొకరు పలికితే రెండు పలుకులూ చెడిపోతాయి. అందువల్ల ప్రతి యంత్రమూ ముందుగా చెవి ఒగ్గి వినవలెను. నిశ్శబ్దంగా ఉన్నదని తేల్చుకొన్న తరువాత కూడా, చీటీ తీసినట్లు వచ్చిన సంఖ్యను బట్టి మరికొంతసేపు ఆగవలెను. అప్పుడు ఫ్రేము పంపి, అవతలి నుండి రసీదు వచ్చేదాకా చూడవలెను.

మన కొత్తకోటలో పక్కదారి నుండి 44వ నంబరు జాతీయ రహదారి మీదికి ఎక్కే బండిని చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. అటు మహబూబ్‌నగరు నుండి, ఇటు కర్నూలు నుండి వచ్చే వాహనాలు పోయి సందు దొరికేదాకా బండి ఆగవలసినదే. ఆ ఆగే కాలం స్కూటరుకైనా లారీకైనా ఒక్కటే. బండి వేగం రెట్టింపు అయినంత మాత్రాన కూడలి దగ్గర ఆగే కాలం తగ్గదు.

ఇక లెక్కకు వద్దాము. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒక ఫ్రేమును పంపడానికి ముందు విధిగా ఆగేది 34 మైక్రోసెకండ్లు. చీటీ వల్ల ఆగేది సగటున 67. అవతలి యంత్రాన్ని మేలుకొలిపే తొలి సంకేతానికి సుమారు 36. రసీదుకు ముందు విరామం 16. రసీదుకు 28. మొత్తం సుమారు 180 మైక్రోసెకండ్లు. మైక్రోసెకండు అంటే సెకండులో పదిలక్షవ వంతు గనుక ఇది అల్పంగా తోచవచ్చును. కాని 300 మెగాబిట్ల వేగంతో 1500 బైట్ల ఫ్రేము గాలిలో ప్రయాణించే కాలం ఎంత? సుమారు 41 మైక్రోసెకండ్లు మాత్రమే! అనగా 41 పాళ్ళ పనికి 180 పాళ్ళ నిరీక్షణ. ఈ లెక్కన పెట్టె మీద 300 అని రాసి ఉన్నా, చేతికి అందేది 54 మెగాబిట్లే. వేగాన్ని 600కు పెంచినా అందేది 60 మాత్రమే. రెట్టింపు వేగానికి ఖర్చు పెట్టి సాధించినది ఆరు మెగాబిట్లు!

1997లో మొదటి వైఫై ప్రమాణం వెలువడినప్పుడు వేగం 2 మెగాబిట్లు గనుక ఈ నిరీక్షణ ఎవరికీ బరువుగా తోచలేదు. వేగం పెరిగిన కొద్దీ నిరీక్షణే ప్రధానమై కూర్చున్నది. 2009లో ఆమోదం పొందిన 802.11ఎన్ ప్రమాణం దీనికి ఒక ఉపాయం చూపినది. ఒకసారి రహదారి ఎక్కే అవకాశం దొరికినప్పుడు ఒక్క ఫ్రేముతో సరిపెట్టుకోక, అనేక ఫ్రేములను కలిపి ఒకే దఫాలో పంపడమే ఆ ఉపాయం. దీనిని ఫ్రేమ్ అగ్రిగేషన్ అంటారు. మూటకట్టడం అని మనం తెలుగులో చెప్పుకుంటే చాలును. పై లెక్కలోనే 20 ఫ్రేములను ఒక మూటగా కడితే, అందే వేగం 54 నుండి సుమారు 237 మెగాబిట్లకు పెరుగుతుంది. పెట్టె మారలేదు, గాలి మారలేదు. మారినది పంపే పద్ధతి మాత్రమే.

రెండు విధాల మూటలు

మూటకట్టడంలో రెండు పద్ధతులు ఉన్నవి. ఒకదాని పేరు ఎ-ఎంఎస్‌డియు, రెండవదాని పేరు ఎ-ఎంపిడియు. పేర్లలో ఉన్నది ఒక్క అక్షరం తేడా అయినా, నడవడిలో చాలా అంతరం కలదు.

మొదటి పద్ధతిలో అనేక భాగాలను ఒకే గోనెసంచిలో పోసి మూతి కుట్టినట్లు చేస్తారు. సంచి మీద ఒకే చిరునామా, తప్పొప్పులు చూసే సంఖ్య కూడా ఒక్కటే. లోపల ఒక్కొక్క భాగానికి 14 బైట్ల చిన్న చీటీ మాత్రమే ఉంటుంది. ఇందువల్ల బరువు తక్కువ. 802.11ఎన్ ప్రకారం ఈ మూట 7935 బైట్లు మించరాదు. రెండవ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ తన బస్తాలోనే ఉంటుంది. తన చిరునామా, తన తప్పొప్పుల సంఖ్య తనకే ఉంటాయి. అటువంటి బస్తాలను ఒకే బండి మీదికి ఎక్కించి, బస్తాకు బస్తాకు నడుమ 4 బైట్ల గుర్తు పెట్టి పంపుతారు. ఒక్కొక్క ఫ్రేము మీద పడే అదనపు భారం 30 బైట్లకు పైమాటే. కాని ఈ మూట 65,535 బైట్ల దాకా పెరగవచ్చును. ఒకే రసీదులో 64 ఫ్రేముల దాకా ఏది చేరినదీ, ఏది చేరనిదీ వేరువేరుగా తెలుపవచ్చును.

గాలి నిర్మలంగా ఉన్నంతసేపు మొదటి పద్ధతి పొదుపైనదే. గాలి చెడినప్పుడు వీటి అసలు గుణం బయటపడుతుంది. సగటున లక్ష బిట్లకు ఒక బిట్టు చెడిపోయే గాలిని ఊహిద్దాము. 1500 బైట్ల ఫ్రేములు ఐదింటిని మొదటి పద్ధతిలో కలిపి పంపితే, నూటికి 45 మూటలు చెడిపోతాయి. ఎక్కడ ఒక్క బిట్టు చెడినా తప్పు ఎక్కడ ఉన్నదో తెలియదు గనుక ఐదింటినీ మళ్ళీ పంపవలసినదే. రెండవ పద్ధతిలో అదే గాలిలో ఒక్కొక్క ఫ్రేము చెడే అవకాశం నూటికి 11 మాత్రమే. పైగా చెడినదానిని మాత్రమే మళ్ళీ పంపితే సరిపోతుంది. మొదటి పద్ధతిలో ఒకడు తప్పు చేస్తే తరగతి మొత్తాన్ని నిలబెట్టినట్లు. రెండవ పద్ధతిలో ఎవరి లెక్క వారిది. 2013 నాటి 802.11ఎసి ప్రమాణం ఒంటరి ఫ్రేమును కూడా రెండవ పద్ధతి రూపంలోనే పంపవలెనని నిర్దేశించినది. ఈ పోలికలో విజయం ఎవరిదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

అయినా మొదటి పద్ధతిని పూర్తిగా త్రోసిపుచ్చరాదు. మరీ చిన్న ఫ్రేములు అనేకం ఉన్నచోట 30 బైట్ల అదనపు భారం మోయరానిది. అందువల్ల చిన్నవాటిని మొదటి పద్ధతిలో చిన్న మూటలుగా కట్టి, ఆ మూటలను రెండవ పద్ధతిలో బండికెక్కించే మిశ్రమ విధానాన్ని కూడా ప్రమాణం అనుమతించినది.

గోదావరి పల్లెల అనుభవం

ఒక గదిలోనే ఇంత చిక్కు ఉన్నప్పుడు, ఊరికీ ఊరికీ నడుమ వైఫైతో మాట పంపేవారి గతి ఏమిటి? ఈ ప్రశ్న మన తెలుగునేల మీదనే ఎదురైనది. 2000 దశకం నడుమ బైర్రాజు ఫౌండేషన్ వారు పశ్చిమ గోదావరి జిల్లా గ్రామాలలో 'అశ్విని' అనే పేరుతో ఒక నిస్తంత్రీ జాలాన్ని నెలకొల్పారు. పల్లెలోని రోగి వైద్యునితోను, పల్లెలోని విద్యార్థి అధ్యాపకునితోను వీడియో ద్వారా ముఖాముఖి మాట్లాడగలగడం దాని ఆశయం. ఇంటి గదుల కోసం పుట్టిన వైఫైని ఎత్తైన స్తంభాల మీది యాంటెనాలతో కిలోమీటర్ల దూరం పంపారు. 2005 జనవరిలో భారత ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు అవసరం లేకుండా చేయడం వల్ల ఇటువంటి ప్రయత్నాలకు దారి సుగమమైనది.

దూరం పెరిగితే రసీదు ఆలస్యమవుతుంది. రేడియో తరంగం కిలోమీటరు పోవడానికి 3.3 మైక్రోసెకండ్లు పడుతుంది. 20 కిలోమీటర్లు పోయి రావడానికి 130కి పైగా. ఫ్రేము ఫ్రేముకూ రసీదు కోసం కాచుకొని కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పైగా అవతలి స్తంభం పలుకుతున్నదో లేదో చెవి ఒగ్గి వినడం కూడా అంత దూరాన సరిగా సాగదు. ఈ చిక్కును గురించి భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు గారలు 2005లో 2పి అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఒక స్తంభం మీది యాంటెనాలన్నీ కలిసి ఒకేసారి పంపడం, మరల కలిసి ఒకేసారి వినడం, ఇట్లా వంతులు మార్చుకోవడం దాని సారాంశం. తమిళనాడులో తేని వద్ద అరవింద్ కంటి ఆస్పత్రికీ దాని గ్రామ కేంద్రాలకూ నడుమ బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి జాలాన్నే నడిపారు. 2007లో వారు ప్రకటించిన వైల్డ్‌నెట్ అనే విధానంలో ఫ్రేముకొక రసీదు అనే నియమాన్ని విడిచి, పలు ఫ్రేములకు కలిపి ఒకే రసీదు ఇచ్చారు. మళ్ళీ పంపే వ్యవధి లేని మాటకు ముందుగానే కొంత అదనపు సమాచారాన్ని జతచేసి, ఒక ఫ్రేము పోయినా మిగిలినవాటి నుండి దానిని రాబట్టుకొనే ఏర్పాటు కూడా చేశారు.

ఈ అనుభవం నుండి మేము గ్రహించినది ఒకటి కలదు. వారెవరూ తమ జాలం ఎన్ని మెగాబిట్లు మోస్తుందో చూచి తృప్తిపడలేదు. వైద్యుని ఎదుట కూర్చున్న రోగి మాట ఎంత ఆలస్యంగా, ఎంత చెడకుండా చేరుతున్నదో అదే వారికి కొలబద్ద అయినది. ఇప్పుడు మన గదికి తిరిగి వచ్చి అదే కొలబద్దతో చూద్దాము.

బొమ్మ వేరు, మాట వేరు

సినిమా బొమ్మను, మనిషి మాటను ఒకే మల్టీమీడియా అనే పేరుతో పిలవడం వాడుక. మూట విషయంలో ఈ రెండూ పూర్తిగా వేరు జాతులు.

సెకండుకు 30 బొమ్మలు చూపే 1.5 మెగాబిట్ల వీడియోలో ఒక్కొక్క బొమ్మ సగటున 6250 బైట్లు ఉంటుంది. అనగా ఒక బొమ్మ పుట్టినప్పుడే ఐదు ఫ్రేములు ఒక్కసారిగా పుడతాయి. అవి మూటగా పుట్టినవే గనుక ఎవరి కోసమూ ఆగనక్కరలేదు. రెండవ పద్ధతి వీటికి చక్కగా కుదురుతుంది. ముందే ముద్రించిపెట్టిన వీడియో అయితే మరీ నిశ్చింత. రెండు సెకండ్లు ఆలస్యమైనా చూసేవారికి తెలియదు. 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళ ద్వారా మన రాష్ట్రంలో పాఠాలు ప్రసారమైనవి. ఆ పాఠం కొన్ని క్షణాలు ఆలస్యంగా చేరితే పిల్లలకు వచ్చిన నష్టం ఏమీ లేదు. ఎందుకనగా ఆ పాఠానికి ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు.

మాట అట్లా కాదు. జి.711 అనే ప్రసిద్ధ పద్ధతిలో 20 మిల్లీసెకండ్ల కంఠస్వరం 160 బైట్లు అవుతుంది. చిరునామాలతో కలిపి 200. సెకండుకు ఇటువంటివి 50 పుడతాయి. ఒకదాని వెంట ఒకటి, తొందర లేకుండా, క్రమం తప్పకుండా పుడతాయి. పది కలిసేదాకా ఆగి మూటకట్టుదామంటే మొదటిది 200 మిల్లీసెకండ్ల వయసుదై ఉంటుంది. నోటి నుండి చెవికి మాట చేరడానికి 150 మిల్లీసెకండ్లు మించకుండా ఉంటే మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 అనే సిఫారసులో చెప్పినది. అంటే మూట కట్టడం పూర్తి కాకముందే మాటకు గడువు తీరిపోతుంది. నిండితే గాని కదలని ఆటోలో జ్వరంతో ఉన్న బిడ్డను ఎక్కించుకున్న తల్లి పరిస్థితి ఇది. ఆటోవాని లెక్కలో నిండిన ఆటోయే లాభం. తల్లి లెక్క వేరు.

మరొక చిక్కు కూడా ఉన్నది. ఈ రెండు పద్ధతులలోనూ మూట అంతా ఒకే యంత్రానికి చేరవలసి ఉంటుంది. ముప్పై మంది విద్యార్థుల ముప్పై ఫోన్లకు పోవలసిన ముప్పై చిన్న మాటలను కలిపి ఒకే మూట కట్టడం 802.11ఎన్ వల్ల కాదు. 2021 నాటి 802.11ఎఎక్స్ ప్రమాణం గాలినే పాయలుగా చీల్చి ఒకే క్షణంలో పలువురికి పంపే వీలు కల్పించి ఈ లోటును కొంతవరకు తీర్చినది. అయితే ఆ లాభం పొందాలంటే పెట్టె ఒక్కటి కొత్తదైతే చాలదు. విద్యార్థి చేతిలోని ఫోను కూడా కొత్తదే కావలెను. మన విద్యార్థులలో ఎందరి చేతుల్లో అటువంటి ఫోన్లు ఉన్నవో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

రెండు వాదాలు

ఈ విషయమై మిత్రుల నడుమ రెండు వాదాలు విన్నాము. "ఇంకా పెద్ద వేగం గల పెట్టె కొనండి, సమస్య తీరిపోతుంది" అనేది మొదటిది. వేగం రెట్టింపయితే ఏమి ఒరుగుతుందో పైన చూచాము. పెద్ద మూటలు కట్టగల కొత్త పెట్టెతో మొత్తం మీద దింపుకొనే వేగం పెరుగుతుంది, నిజమే. కాని ఒక మూట గాలిని సుమారు 5.5 మిల్లీసెకండ్ల దాకా ఆక్రమించుకోవచ్చును. అటువంటివి పది మాట కంటె ముందు వరుసలో నిలిస్తే మాట 55 మిల్లీసెకండ్లు ఆగవలసినదే. గది చివర, సంకేతం బలహీనంగా అందే యంత్రం ఒకటి ఉన్నదంటే అది నెమ్మదిగా పంపుతూ గాలిని మరింతసేపు పట్టి ఉంచుతుంది. మాట ఇంతకంటె ఎక్కువసేపు పెట్టె లోపలి వరుసలోనే చిక్కుకొనిపోవడం కూడా కద్దు.

"అయితే మూటకట్టడమే మాన్పించండి" అనేది రెండవ వాదం. ఇది మొదటిదాని కంటె ప్రమాదకరమైనది. ఫైళ్ళు దింపుకొనే యంత్రాలు మూటలు కట్టకపోతే ఇరవై ఫ్రేములకు ఇరవైసార్లు రహదారి ఎక్కవలసి వస్తుంది. అప్పుడు కూడలి మరింత ఇరుకై, మాటకు దొరికే సందు ఇంకా తగ్గిపోతుంది. పెద్దవి పొందికగా మూటలై పోవడం చిన్న మాటకు ఉపకారమే గాని అపకారం కాదు.

కనుక మా అభిప్రాయం ఇది. పెద్దవాటిని రెండవ పద్ధతిలో మూటకట్టవలెను. ఆ మూట పరిమాణాన్ని బైట్లతో గాక అది గాలిని ఆక్రమించే కాలంతో కొలిచి హద్దు పెట్టవలెను. చిన్న మాటను ఎన్నడూ మూట కోసం ఆపరాదు. దానికి ముందు వంతు ఇవ్వవలెను. ఇది మా కల్పన కాదు. 2005 నాటి 802.11ఇ ప్రమాణం వాణి, వీడియో, సామాన్యం, వెనుకబాటు పని అని సమాచారాన్ని నాలుగు తరగతులుగా విభజించి, వాణికి అతి తక్కువ నిరీక్షణ కల్పించినది. ఒక్కసారికి వాణి గాలిని 1.5 మిల్లీసెకండ్ల దాకా, వీడియో 3 మిల్లీసెకండ్ల దాకా వాడుకోవచ్చునని హద్దు కూడా సూచించినది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనమండుగురు ఉన్నా ఎవరి వంతు వారికి అందుతుంది. అప్రస్తుత ప్రసంగి ఎంత సేపు మాట్లాడినా సమస్య ఇచ్చినవారు మరుగున పడరు. అవధానికి ధారణ ఎట్లాగో, వైఫైకి ఈ వంతుల ఏర్పాటు అట్లాంటిది. 2017లో లినక్స్ మీద పనిచేసిన పరిశోధకులు యంత్రాల నడుమ గాలికాలాన్ని సమానంగా పంచి, వరుసలను క్రమబద్ధం చేసి, రద్దీ సమయంలో ఆలస్యాన్ని పదోవంతు స్థాయికి తగ్గించవచ్చునని నిరూపించారు. మూటలు విడవకుండానే వారు ఆ ఫలితాన్ని సాధించారు.

చేయవలసిన పనులు

ఇవన్నీ తెలుసుకొన్న తరువాత మన గదిలో ఏమి చేయవచ్చునో సహాధ్యాపకులతో ఆలోచించాము. ఇందులో ఖర్చుతో కూడిన పని ఒక్కటే. కదలని కంప్యూటర్లకు తీగ వేయవలెను. బల్లకు అతుక్కుపోయిన యంత్రానికి గాలి ఎందుకు? తీగ మీదికి మారిన ప్రతి కంప్యూటరూ ఒక ఫోనుకు దారి వదులుతుంది. మిగిలినవి మనసు పెడితే చాలును. పెట్టెలో వంతుల ఏర్పాటు పనిచేస్తున్నదో లేదో చూడవలెను. మాటను పంపే యాప్ దానికి వాణి అనే ముద్ర వేస్తున్నదా, ఆ ముద్ర దారిలో చెరిగిపోతున్నదా అని పరీక్షించవలెను; ముద్ర లేని మాట సామాన్యపు వరుసలోనే నిలబడుతుంది. పెద్ద ఫైళ్ళను తరగతులు లేని వేళ దింపుకోవలెను. బలమైన పెట్టె ఒక్కటి పెట్టి గది చివరి యంత్రాలను ఇబ్బంది పెట్టడం కంటె, చిన్నవి రెండు వేరువేరు ఛానెళ్ళ మీద పెట్టడం మేలు.

కొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగవలెను. ఎన్ని మెగాబిట్లు అని కాదు. గదిలోని యంత్రాలన్నీ ఫైళ్ళు దింపుకుంటున్నప్పుడు ఒక మాట ఎన్ని మిల్లీసెకండ్లలో చేరుతుందని అడగవలెను. ఈ పరీక్ష చేయడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. రెండు ఫోన్లు, ఒక గడియారం, ఓపిక గల ఇద్దరు విద్యార్థులు ఉంటే చాలును. మన కంప్యూటరు సైన్సు విద్యార్థులు దీనిని ఒక ప్రాజెక్టుగా స్వీకరించి, మూట పరిమాణాన్ని మారుస్తూ మాట ఆలస్యాన్ని కొలిచి, ఆ పట్టికను వచ్చే సంచికకు ఇచ్చినచో మేము సంతోషిస్తాము. మా కాగితపు లెక్కలలో తప్పు దొరికితే ఇంకా సంతోషిస్తాము.

సగటు వేగం మంచిదని చెప్పి తృప్తిపడడం పాలకులకూ ఉన్నది, అధ్యాపకులకూ ఉన్నది. తరగతిలో నూటికి ఎనభై మంది ఉత్తీర్ణులైనారని చెప్పుకున్నప్పుడు మిగిలిన ఇరవై మంది పేర్లు మనకు గుర్తుకు రావు. జాలం కూడా అంతే. మొత్తం మీద 237 మెగాబిట్లు మోసినదని అది లెక్క చూపుతుంది. ఆ లెక్కలో చేరకుండా పోయిన 200 బైట్ల మాట ఎక్కడా కనిపించదు.

ఆ విద్యార్థిని డిగ్రీ పూర్తి చేసుకొని వెళ్ళిపోయినది. ఆమె అడిగిన ప్రశ్న మాకు గుర్తున్నది. సమాధానం మాత్రం ఆమెకు నేటికీ అందలేదు. ఆ ప్రశ్న ముఖ్యమైనదో కాదో ఆచార్యులు తేల్చవలసి ఉండెను. ఆ పనిని మనం ఒక గోడపెట్టెలోని వరుసకు వదిలిపెట్టాము. ఇక ముందు ఈ గదిలో లేచి నిలబడే విద్యార్థికి అట్లా జరగకుండా చూడవలసిన బాధ్యత మన అందరి మీద ఉన్నదని మనవి చేస్తూ విరమిస్తున్నాము.